డిగ్రీలో చేరాక ఎవరిని అడగాలి?

 

మన గోడపత్రికకి "ఇంటర్ తర్వాత" అనే విషయం మీద ఏదైనా రాసి పంపమని తెలుగు సారు కబురు పెట్టారు. ఏ కోర్సు మంచిది, దేనికి ఉద్యోగాలున్నాయి అన్నది చాలామంది చెప్తారు గనుక నేను అది రాయడం లేదు. చేరాక మొదటి ఆరు నెలలు ఎలా నిలబడాలి అన్నదే రాస్తున్నాను. మన వాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే.

మా బ్యాచ్‌లో ఆరుగురం విశాఖపట్నం వెళ్లి డిగ్రీలో చేరాం. దసరా సెలవులకి అందరం ఇళ్లకి వచ్చాం. సెలవులయ్యాక నలుగురమే బస్సెక్కాం. మిగిలిన ఇద్దర్లో ఒకడు ఇక్కడ వున్నంతకాలం లెక్కల్లో ఫస్టే. ఊళ్లో పెద్దవాళ్లు "మన గుంటలకి పట్నం చదువు పట్టదురా" అనేశారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వాడికి చదువు పట్టకపోవడం కాదు. ఎవరిని అడగాలో తెలియలేదు, అడగొచ్చని ఎవరూ చెప్పలేదు. చదువు రాకపోవడం వేరు, ఇది వేరు.

ఒక్కసారి ఆలోచించండి. ఇక్కడ మనకి అన్నీ గంటతో నడుస్తాయి. లేవడానికి గంట, ప్రేయరుకి గంట, భోజనానికి గంట, స్టడీ అవర్‌కి గంట. జ్వరమొస్తే పక్క మంచం వాడు వెళ్లి వార్డెన్ సారుకి చెప్తాడు, ఏఎన్ఎం మేడం వచ్చి మాత్ర యిస్తారు. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గితే సారే పిలిచి అడుగుతారు. అంటే సాయం మన దగ్గరికే నడిచి వస్తుంది. కాలేజీలో సాయం వుంటుంది గానీ అది కుర్చీలో కూర్చుని వుంటుంది, మనమే దాని దగ్గరికి వెళ్లాలి. క్లాసుకి రాకపోయినా ఎవరూ వెతకరు. వారం రోజులు గదిలో పడుకున్నా "ఏమైందిరా?" అనే వాళ్లుండరు. ఏడేళ్లు గంటకి అలవాటు పడిన వాడికి ఆ నిశ్శబ్దం చూస్తే, నన్ను ఇక్కడెవరికీ అక్కర్లేదు కాబోలు అనిపిస్తుంది. అది అలా అనిపించడమే గానీ నిజం కాదు.

ముందు కాగితాల సంగతి చెప్తాను. ఇది చప్పగా వుంటుంది గానీ మా ఆరుగురిలో ఒకడి చదువు ఆగింది దీని వల్లే. వాడి ఇంటిపేరు టీసీలో ఒకలా, ఆధార్‌లో ఒకలా వుంది. కొర్రా అని ఒకచోట, కోరా అని ఇంకోచోట. మన వాళ్లలో ఇది ఇంటింటికీ వుంది. బడిలో చేర్చినప్పుడు మాస్టారు విన్నట్టు రాశారు, ఆధార్ తీసినవాడు వాడికి తోచినట్టు కొట్టాడు. అమ్మానాన్నలకి చదువు రాదు గనుక ఎవరూ చూసుకోలేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర ఆ రెండూ కలవలేదు, దరఖాస్తు వెనక్కి వచ్చేసింది. అటు కాలేజీ వాళ్లు ఫీజు కట్టమన్నారు. ఆ కాలేజీ పేరు ఇక్కడెందుకు లెండి. వాడు ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుని ఊరొచ్చేశాడు.

కాబట్టి ఇంటర్ రెండో సంవత్సరంలో వుండగానే మీ పదో తరగతి మెమో, టీసీ, ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం ఐదూ నేలమీద పరుచుకుని అక్షరం అక్షరం పోల్చి చూడండి. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. తేడా వుంటే ఇప్పుడే దిద్దించుకోవాలి. ఆధార్‌లో మార్పు సచివాలయం దగ్గరో మీసేవలోనో అడిగితే ఎక్కడ చేస్తారో చెప్తారు. మెమోలో మార్పు అయితే స్కూలు ద్వారానే వెళ్లాలి, దానికి నెలలు పడుతుంది. బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిపారో లేదో బ్యాంకులోనే అడిగి తెలుసుకోండి. ఖాతా వుండటం వేరు, దానికి ఆధార్ కలిపి వుండటం వేరు. కుల, ఆదాయ పత్రాలు తలా ఐదు జెరాక్సులు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. అసలు కాగితాలు ట్రంకు పెట్టెలో అడుగున బట్టల కింద పెట్టకండి, వానాకాలం చెమ్మకి పాడైపోతాయి.

ఇంక డబ్బు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అనేది దయ కాదు, హక్కు. గిరిజన విద్యార్థులకి కేంద్ర పథకం ప్రకారం తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2 లక్షల 50 వేలు దాటకపోతే అది వస్తుంది. అందులో రెండు భాగాలున్నాయి. కాలేజీకి కట్టే ఫీజు ఒకటి, మన తిండికీ వుండటానికీ యిచ్చేది ఇంకొకటి. మన రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ పథకం పేరు మారుతోంది, డబ్బు పడే ఖాతా కూడా మారుతోంది. 2021లో ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీకే కట్టే పద్ధతి పెట్టారు. అందుకని సీనియరు చెప్పిన మాట మీద వుండిపోకుండా, ఆ ఏడాది ఎలా వస్తుందో కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ చూసే గుమస్తా గారిని అడగాలి. ఒకటి గుర్తు పెట్టుకోండి, హాజరు 75 శాతం లేకపోతే డబ్బు ఆగుతుంది.

ఈ డబ్బు సాధారణంగా ఆలస్యంగానే వస్తుంది. ఆలస్యమైనప్పుడు కొన్ని కాలేజీలు "ముందు ఫీజు కట్టు, తర్వాత హాల్ టికెట్" అంటాయి. అప్పుడు చెయ్యవలసింది ఏడవటం కాదు, ఊరికి రావటం అంతకన్నా కాదు. తెల్లకాగితం తీసుకుని ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ రాయాలి. పేరు, గ్రూపు, స్కాలర్‌షిప్ దరఖాస్తు నంబరు, మంజూరు అయిందా లేదా, పరీక్ష తేదీ ఎప్పుడు. ఇవి రాసి, రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి. ఆ కాపీతో జిల్లా గిరిజన సంక్షేమ ఆఫీసుకి వెళ్లాలి. మన వైపు వాళ్లు పాడేరు ఐటీడీఏకి కూడా వెళ్లొచ్చు. నోటితో చెప్తే "చూద్దాం లేవయ్యా" అంటారు. కాగితం యిస్తే ఏదో ఒక జవాబు చెప్పాలి. మాలో ఇద్దరికి హాల్ టికెట్ ఇలాగే వచ్చింది. నలుగురు కలిసి వెళ్తే ఇంకా తొందరగా పనవుతుంది.

వుండటానికి ప్రభుత్వ కాలేజీ హాస్టళ్లు విశాఖలో వున్నాయి. సీటు దొరికితే బయట గది జోలికి పోకండి. బయట గదిలో స్వేచ్ఛ ఎక్కువ, నిజమే. అద్దె, గ్యాసు, కరెంటు లెక్క చూసుకుంటే ఆ స్వేచ్ఛ ఎంత ఖరీదో తెలుస్తుంది. మీ చెల్లెళ్లకి కూడా చెప్పండి, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. "ఛార్జీలకి డబ్బుల్లేవు, ఇంటర్‌తో ఆపేద్దాం" అనే మాటకి ఇప్పుడు కొంచెమైనా బలం తగ్గింది.

ఇప్పుడు అసలు చదువు. డిగ్రీలో పాఠం ఇంగ్లీషులో చెప్తారు. మన దగ్గర పుస్తకం ఇంగ్లీషులో వున్నా సారు తెలుగులో విడమర్చి చెప్తారు గదా. మనలో కొందరికి ఆ తెలుగు కూడా రెండో భాషే. ఇంట్లో కువి మాట్లాడతారు, లేకపోతే ఆదివాసీ ఒడియా. అక్కడ అలా విడమర్చరు. మొదటి రెండు వారాలు నాకు బోర్డు మీద బొమ్మ తప్ప ఏమీ అర్థం కాలేదు. మా బోటనీ మేడం "ఆస్మాసిస్" అని గంటసేపు చెప్పారు. అది మనం పదో తరగతిలో చదివిన ద్రవాభిసరణే! ఎండు ద్రాక్ష నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది చూడండి, అదే. తెలిసిన సంగతే పేరు మార్చుకుని వచ్చేసరికి కొత్తదనుకుని భయపడతాం.

దీనికి నేను చేసిన పని ఏమిటంటే ఒక నోట్‌బుక్కు పేజీని నిలువునా రెండుగా గీసి, ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు మాట రాసుకున్నాను. రోజుకి పది. మైటోసిస్ అంటే సమవిభజన, ఫోటోసింథసిస్ అంటే కిరణజన్య సంయోగక్రియ. మూడు నెలల్లో పుస్తకం నిండింది, క్లాసు విప్పుకుంది. ఇంకో ఉపాయం. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేసింది. మా కాలేజీ లైబ్రరీలో అవి అడుగు బీరువాలో దుమ్ము పట్టి వున్నాయి. రేపు చెప్పబోయే పాఠం ఈ రాత్రి తెలుగులో చదువుకుని వెళ్తే, ఇంగ్లీషులో చెప్పినా పట్టుకోగలం. పాఠ్యాంశాలు మారాయి గనుక అన్నీ కలవవు, కానీ మూల విషయం మారదు.

ఇక్కడ మీకో అమెరికా సంగతి చెప్పాలి. ఉరి ట్రైస్మన్ అని ఒక లెక్కల ప్రొఫెసరు వున్నారు. 1970ల్లో ఆయన కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో వుండగా అక్కడ నల్లజాతి విద్యార్థులు కాల్‌క్యులస్‌లో బాగా ఫెయిలవుతున్నారు. కారణం ఏమిటని అధ్యాపకులను అడిగితే, వాళ్లకి పునాది లేదు, పట్టుదల లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు అన్నారు. మన ఊళ్లో అన్న మాటే చూడండి! ఆయన ఆ మాట నమ్మకుండా 20 మంది నల్లజాతి పిల్లల్నీ, లెక్కల్లో బాగా వస్తున్న 20 మంది చైనా సంతతి పిల్లల్నీ దగ్గరుండి గమనించారు. ఎలా చదువుతున్నారు, ఎవరితో కూర్చుంటున్నారు అని. నల్లజాతి పిల్లలకి పట్టుదల వుంది, ఇంట్లో ప్రోత్సాహమూ వుంది. తేడా ఒక్కచోటే కనిపించింది. వాళ్లలో దాదాపు అందరూ ఒంటరిగా చదువుతున్నారు. చైనా పిల్లలు విడిగా చదువుకున్నాక మళ్లీ కలిసి కూర్చుని, జవాబులు సరిచూసుకుని, రానిది ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే ఆ లెక్కే కష్టమైనదని వాళ్లకి తెలుస్తుంది. ఒంటరిగా వున్నవాడికి మాత్రం తనకే తెలివి లేదేమో అనిపిస్తుంది. ఈ ఒక్క తేడా చూసి ఆయన నల్లజాతి పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి, తేలిక లెక్కలు కాదు సుమా, కష్టమైన లెక్కలే యిచ్చి చేయించారు. వాళ్ల ఫలితాలు ఎంతో మెరుగయ్యాయి. ఈ సంగతులన్నీ 1992లో ఆయన ఒక వ్యాసంగా అచ్చువేశారు.

ఇది చదివినప్పుడు నాకు మన స్టడీ అవర్ గుర్తొచ్చింది. బర్క్‌లీలో అంత పరిశోధన చేసి పెట్టిన పద్ధతి మనకి ఆరో తరగతి నుంచీ అలవాటే. రానివాడు వచ్చినవాడి పక్కన కూర్చుంటాడు, అంతే గదా. మరి పట్నం వెళ్లగానే దాన్ని ఎందుకు వదిలేస్తాం? నాకు తోచింది చెప్తాను. కొత్తవాళ్ల ముందు "నాకు రాదు" అనడానికి సిగ్గు. మన మాట యాస వింటే నవ్వుతారేమోనని భయం. ఇక్కడ అందరం ఒకే పళ్లెంలో తిన్నవాళ్లం గనుక ఆ సిగ్గు లేదు. లెక్కల్లో ఫస్టు వచ్చేవాడు ఆగిపోయాడని చెప్పాను గదా, వాడు మా హాస్టల్లో కాకుండా ఊరి చివర బంధువుల ఇంట్లో వున్నాడు. క్లాసు అవగానే బస్సెక్కి వెళ్లిపోయేవాడు. ఒక్క సాయంత్రం కూడా మాతో కూర్చునే వీలు లేకపోయింది. మిగిలిన నలుగురం రాత్రి భోజనాలయ్యాక హాస్టలు మెట్ల మీద గంటన్నర కూర్చునేవాళ్లం. తర్వాత శ్రీకాకుళం వైపు సవర అబ్బాయిలు ఇద్దరు, కోనసీమ అబ్బాయి ఒకడు వచ్చి కలిశారు. కోనసీమ అబ్బాయికి ఇంగ్లీషు బాగా వచ్చు, మాకు లెక్కలొచ్చు. ఇచ్చిపుచ్చుకోవడం బాగానే కుదిరింది.

అధ్యాపకుల దగ్గరికి వెళ్లటం కూడా నేర్చుకోవలసిన పనే. స్టాఫ్‌రూములో తలుపు దగ్గర నిలబడి, "మేడం, నిన్నటి పాఠంలో ఫలానా బొమ్మ దగ్గర అర్థం కాలేదు" అని ఒక్క విషయం అడగాలి. "ఏమీ అర్థం కాలేదు మేడం" అంటే వాళ్లు మాత్రం ఎక్కడ మొదలుపెడతారు? చాలా కాలేజీల్లో ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుడిని మెంటర్ అని రాసి పెడతారు. ఆ పేరు రిజిస్టరులో వుంటుంది, పిల్లలకి తెలియదు. మీ మెంటర్ ఎవరో మొదటి వారంలోనే ఆఫీసులో అడిగి, వెళ్లి నమస్కారం పెట్టి మీ ఊరూ పేరూ చెప్పి రండి. కష్టం వచ్చాక మొదటిసారి వెళ్లే కంటే ఇది మేలు.

సెమిస్టరు అంటే ఆరు నెలలు అని రాసి వుంటుంది గానీ పాఠాలు జరిగేది నాలుగు నెలలే. నవంబరు, డిసెంబరుల్లో పరీక్షలు పడతాయి. మన వైపు కాఫీ పళ్లు ఏరేది కూడా అప్పుడే. నాన్న ఫోన్ చేసి "ఓ పది రోజులు వచ్చెళ్లరా, మనుషులు దొరకట్లేదు" అంటే కాదనలేం. ఆ పంటతోనే ఏడాదంతా గడవాలి. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. కానీ ఇంటర్నల్ పరీక్ష పోతే మార్కులు పోతాయి, హాజరు పోతుంది, దానితో స్కాలర్‌షిప్ పోతుంది. మా చిన్నాన్నకి నేను పరీక్షల తేదీలు జూలైలోనే ఒక కాగితం మీద రాసిచ్చాను, ఆయన ఇంట్లో క్యాలెండరు పక్కన అంటించారు. ఈ తేదీల మధ్య పిలవొద్దు, సంక్రాంతికి పది రోజుల ముందే వచ్చి రెండింతలు చేస్తాను అన్నాను. ముందు చెప్తే ఇంట్లో అర్థం చేసుకుంటారు.

ఒక సబ్జెక్టు పోయిందనుకోండి. అక్కడితో అంతా అయిపోయిందని మన వాళ్లు అనుకుంటారు, ఎందుకంటే ఇక్కడ ఫెయిల్ అంటే ఆ ఏడాది పోయినట్టే అని భయపెట్టారు మనల్ని. డిగ్రీలో అలా కాదు. ఆ ఒక్క పేపరూ మళ్లీ రాసుకుంటూ పైకి వెళ్లొచ్చు. పట్నం పిల్లలకి కూడా బ్యాక్‌లాగులు వుంటాయి, వాళ్లు నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

మనసు బాగోకపోవడం గురించి కూడా రాయాలి, సిగ్గుపడి మానేస్తే లాభం లేదు. మొదట్లో రాత్రులు నిద్ర పట్టదు. క్లాసులో ఎవడో "మీది రిజర్వేషన్ సీటే గదా" అంటాడు. ఇంకొకడు కులం పేరుతో పిలుస్తాడు. ఇలాంటివి చూడటానికే కాలేజీల్లో ఎస్సీ, ఎస్టీ సెల్ వుంటుంది. వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ప్రతి కాలేజీలో వుండాలని యూజీసీ 2012లో నియమాలు పెట్టింది. ర్యాగింగు మీద 2009లోనే పెట్టింది. దానికి 1800-180-5522 అని ఉచిత నంబరు వుంది. మనసు మరీ కుంగిపోతే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్, తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు పడదు. ఈ రెండు నంబర్లూ మీ నోట్‌బుక్కు చివరి పేజీలో రాసుకోండి. అవసరం మీకు కాకపోతే పక్క గది వాడికి రావచ్చు.

మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బెడ అనే సంతాలీ ఊరి నుంచి వచ్చారు. తమ ఊరి నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల తనేనని 2022 జూలై 25న ప్రమాణస్వీకారం రోజు ఆమే చెప్పారు. భువనేశ్వర్‌లో చదువుకున్నాక మొదట నీటిపారుదల, విద్యుత్ శాఖలో చిన్న ఉద్యోగం చేశారు. రాష్ట్రపతి కావడం సంగతి అలా వుంచండి. ఊళ్లో ముందు వెళ్లినవాళ్లు ఒక్కరూ లేనప్పుడు ఆమె ఎవరిని అడిగివుంటారు అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మీకు కనీసం మేం నలుగురం వున్నాం.

చివరగా వార్డెన్ సారుకీ, సార్లకీ ఒక మనవి. తప్పుగా అనుకోవద్దు. సీనియర్ ఇంటర్ తమ్ముళ్ల దరఖాస్తులన్నీ ఆఫీసులోనే నింపేస్తున్నారు. అది ప్రేమతో చేస్తున్న పనే. కానీ బ్యాంకు చలానా, స్కాలర్‌షిప్ ఫారం, సెలవు చీటీ, అర్జీ వాళ్ల చేతే రాయించండి, తప్పులు పోతే ఎర్ర సిరాతో దిద్దండి. పరీక్షలయ్యాక ఒక్క వారం వాళ్ల బ్లాకుకి గంట కొట్టకుండా చూడండి. ఎవరు లేస్తారో, ఎవరు లేవరో వాళ్లకే తెలుస్తుంది. పాత విద్యార్థులు ఏ కాలేజీలో, ఏ హాస్టల్లో వున్నారో ఒక రిజిస్టరు పెట్టి స్టాఫ్‌రూములో వుంచితే, కొత్తగా వెళ్లేవాడు బస్సు దిగగానే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసుకుంటాడు. మా నలుగురి వివరాలూ ఈ కాగితంతో పాటు విడిగా పంపుతున్నాను, వాటిని గోడ మీద అంటించొద్దు, రిజిస్టరులో మొదటి పేజీలో రాసుకోండి.

ఆగిపోయిన ఇద్దర్లో పేరు తేడా వచ్చినవాడు కాగితాలు దిద్దించుకున్నాడు. వచ్చే ఏడాది పాడేరు డిగ్రీ కాలేజీలో మళ్లీ చేరతానంటున్నాడు. లెక్కల వాడితో సంక్రాంతికి మాట్లాడతాను.